రిటర్న్ డేటు లేని ఫోను

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో మా వైపు ఎవరు ఫోను కొనాలన్నా ముందు నన్ను అడిగేవారు. క్యారేజ్ అండ్ వేగన్ విభాగంలో సర్వీసంతా వేగన్ల కింద దూరి బ్రేకు గేర్లు చూసుకున్నవాడికి సెల్‌ఫోన్ల సంగతి ఏం తెలుసని ఎవరికీ అనుమానం రాలేదు. నాకూ రాలేదు. 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా చవకైపోయాక కాలనీ మొత్తం స్మార్ట్‌ఫోన్ల మీద పడింది. నేను అందరికన్నా కాస్త ముందు కొన్నాను, బాక్సు మీది అంకెలు బట్టీ పట్టాను, దాంతో జ్ఞానినైపోయాను. ఎవరొచ్చినా అవే ప్రశ్నలు: కెమెరా ఎన్ని మెగాపిక్సెళ్ళు, బ్యాటరీ ఎంత, స్క్రీను ఎంత పెద్దది. ప్రాసెసర్ మాట వస్తే "ఆక్టా కోర్ ఉందా? ఉంది కదా, ఇంకేం" అనేవాణ్ని. అప్పటికే ఏడెనిమిది వేల ఫోనులో కూడా ఎనిమిది కోర్లు ఉంటున్నాయి. ఆ కోర్లు ఏ కాలం నాటివి, ఆ చిప్ ఏ యేడాది బయటికొచ్చింది అని అడగాలన్న ఆలోచనే లేదు.

నా సలహాకి అంత గిరాకీ ఉండటానికి కారణం నా తెలివి కాదు, ఈ ఊరు. బెంగాల్ నాగపూర్ రైల్వే 1887లో పుట్టింది. 1891కల్లా బిలాస్‌పూర్ మీదుగా నాగపూర్, అసన్‌సోల్ కలిశాయి. రాయపూర్ నుంచి విజయనగరానికి లైను 1931కి పూర్తయింది. ఆ పట్టాల వెంట శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి మనవాళ్ళు వచ్చి గ్యాంగుల్లో, షెడ్లలో, యార్డుల్లో చేరారు. ఇప్పుడు మనవల తరం నడుస్తోంది. 2003లో సౌత్ ఈస్ట్ సెంట్రల్ రైల్వేకి బిలాస్‌పూర్ హెడ్‌క్వార్టర్సు అయ్యాక ఊరి దశ మారింది గానీ, అక్కచెల్లెళ్ళూ మేనత్తలూ ఇంకా పార్వతీపురంలో, బొబ్బిలిలో ఉన్నారు. మునుపు కోర్బా–విశాఖ ఎక్స్‌ప్రెస్ ఎక్కితేనే ముఖాలు చూసుకోవడం. వీడియో కాల్ వచ్చాక రోజూ చూసుకుంటున్నారు. పైగా రైల్వేలో పాసు తీసుకోవాలన్నా హెచ్‌ఆర్‌ఎంఎస్ యాప్, ఆసుపత్రికి వెళ్ళాలన్నా యూమిడ్ కార్డు, జనరల్ టిక్కెట్టుకి ఇంకో యాప్. ఇన్ని పనులు మోయాల్సిన ఫోను ఎలాంటిదై ఉండాలో చెప్పే పెద్దరికం నా నెత్తిన పెట్టారు. నేను కాదనలేదు.

తోర్వాలో ఒక పిన్నిగారున్నారు. వరసకి పిన్ని కాదు. పరాయి ఊళ్ళో తెలుగువాళ్ళ మధ్య వరసలు కలుపుకోవడానికి పెద్ద లెక్కలక్కర్లేదు. ఆవిడ భర్త గూడ్స్ డ్రైవరుగా రిటైరై, కొన్నేళ్ళకి పోయారు. ఫ్యామిలీ పింఛను వస్తుంది. కొడుకు కోర్బాలో. "బాబూ, నువ్వే ఏదో ఒకటి చూసి కొనీయ్, పదివేలు దాటకూడదు" అంటే నేనే బుధవారీ బజార్‌కి వెళ్ళి కొనిచ్చాను. అప్పుడే మార్కెట్లోకి దిగిన మోడల్. వెనక మూడు కెమెరాలు, 5,000 ఎంఏహెచ్ బ్యాటరీ, పచ్చటి మెరిసే వీపు. ఏ కంపెనీదో చెప్పను, చెప్పి లాభం లేదు. ఆ ధరలో అన్ని కంపెనీల లెక్కా ఇంచుమించు ఒకటే.

మొదటి యేడాది బాగానే నడిచింది. రెండో యేడు నవంబరులో పింఛనుదార్లు జీవన్ ప్రమాణ్ పెట్టే సమయం వచ్చింది. ముఖం చూపించి ఇంటి నుంచే లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి 2021 నుంచి ఉంది కదా, బ్యాంకు దాకా ఎందుకు పిన్నీ, ఇక్కడే అయిపోతుంది అన్నాను. వరండాలో వెలుతురు ముఖాన పడేలా కుర్చీ వేసి కూర్చోబెట్టాను. యాప్ కళ్ళు ఆర్పమంటుంది; ఆర్పితే బతికున్న మనిషే అని నమ్ముతుంది. పిన్ని ఆర్పారు. తెరమీది పిన్ని ఆర్పలేదు. కెమెరాలో బొమ్మ ఆవిడ వెనకాల ఎక్కడో పడి నడుస్తోంది. ఇక్కడ కళ్ళు మూసి తెరిచాక, కాసేపటికి అక్కడ మూసుకుంటున్నాయి, అదీ సగం. ఇంతలో గడువు అయిపోయి యాప్ మొదటికి వెళ్ళిపోయేది. "ఆర్పుతానే ఉన్నాను గదా బాబూ, ఇదేటి కదల్దు?" అని ఆవిడ. నేను గుడ్ మార్నింగ్ బొమ్మలన్నీ చెరిపేశాను, ఫోను ఆపి మళ్ళీ పెట్టాను, వెనక నడుస్తున్నవన్నీ మూసేశాను. ఫోను వేడెక్కింది తప్ప పని కాలేదు. చివరికి ఆటో ఎక్కి బ్యాంకుకే పోయి వేలిముద్ర వేసి వచ్చాం. దారిలో ఆవిడ కోపంగా కూడా అనలేదు, ఆశ్చర్యంగా అన్నారు: "కొత్త ఫోనే గదా. నాకన్నా ముసిల్దయిపోయిందేటి?"

ఆ మాటలో ఎంత నిజముందో రిపేరు కుర్రాడి దగ్గర తెలిసింది. అతను ఛత్తీస్‌గఢీ కుర్రాడు, ఫోను తెరల కాంబోలు మార్చడంలో చెయ్యి తిరిగినవాడు. ఫోనులో ఒక యాప్ వేసి లోపలి వివరాలు చూపించాడు. "అంకుల్, బాడీ నయా హై, దిమాగ్ పురానా హై" అన్నాడు. ఆ మోడల్ మార్కెట్లోకి రావడానికి మూడేళ్ళ పైచిలుకు ముందే ఆ ప్రాసెసర్ వచ్చింది. ర్యామ్ 3 జీబీ. స్టోరేజి పాతకాలపు ఈఎంఎంసీ రకం. కాస్త నిండగానే మొత్తం ఫోను చతికిలబడుతుంది. ఆండ్రాయిడ్ ఒక్కసారి పై వెర్షనుకి మారింది, ఇంక మారదు. అంటే పిన్నిగారు పింఛనులోంచి డబ్బు తీసి నా చేతికిస్తే, నేను మూడేళ్ళ వయసున్న దాన్ని కొత్తదని ఆవిడ చేతిలో పెట్టాను.

నన్ను బాగా గుచ్చింది ఇంకొకటి. నా ఉద్యోగమే తేదీలు చదవడం. యార్డులోకి బొగ్గు వేగన్ల రేక్ వచ్చి ఆగితే బాక్స్-ఎన్ వేగన్ ఒక్కోదాని పక్కన రాసి ఉంటుంది: ఎప్పుడు కట్టారు, పీఓహెచ్ (పీరియాడిక్ ఓవర్‌హాల్) ఎక్కడ ఎప్పుడు అయింది, మళ్ళీ వర్క్‌షాపుకి పంపాల్సిన రిటర్న్ డేటు ఎప్పుడు. ఆర్‌డీ దాటిన వేగన్ను పట్టుకోవాలి. అవసరమైతే సిక్ లైనుకి పంపాలి, లేదా రాయపూర్ వేగన్ రిపేర్ షాపుకి. అక్కడా ఇక పనికిరాదనుకుంటే కండెమ్. పాత వేగన్ అని ఎవరూ చిన్నచూపు చూడరు. ఆర్‌డీ ఉన్నంత కాలం అది కొత్తదానితో సమానంగా బరువు మోస్తుంది. ఐసీఎఫ్ రకం ప్రయాణికుల పెట్టెలకి 25 ఏళ్ళు ఆయుష్షు కట్టారు. రాజధాని ఎక్స్‌ప్రెస్‌లో నడిచే పెట్టె వేరు, ప్యాసింజరుకి తగిలించే పెట్టె వేరు, కానీ రెండింటి మీదా తేదీ ఉంటుంది. ఇంత చదివినవాణ్ని, ఫోను బాక్సు మీద రంగులు చూసి మురిసిపోయాను.

తప్పు తెలిసింది కదా, దిద్దుకుని ఊరుకోవచ్చు. నేను ఊరుకోలేదు. అవతలి గట్టు మీదికి దూకాను. అప్పటి నుంచి ఎవరు అడిగినా ఒకటే మాట: "ఈ యేడాది చిప్ కాకపోతే కొనకండి." కంపెనీలు ఖరీదైన మోడళ్ళకి కొత్త చిప్ పెట్టి, మామూలు మోడళ్ళకి నిరుటిది అంటగడుతున్నాయి, ఇది మనలాంటివాళ్ళని మోసం చెయ్యడమే అని వాదించేవాణ్ని. ఆ కోపానికి దొరికినవాడు మా మేనల్లుడు. భిలాయ్‌లో ఉద్యోగం. ఒక పెద్ద కంపెనీ మామూలు మోడల్, యేడాది పాతది, దసరా ఆఫర్లో మంచి ధరకి వస్తోంది, తీసుకోనా మావయ్యా అని అడిగాడు. వద్దన్నాను. దాన్లో అంతకుముందు యేడాది చిప్ ఉంది, నీకు పాత సరుకు అంటగడతారు అన్నాను. దాని బదులు ఇంచుమించు అదే డబ్బుకి, కొత్తగా వచ్చిన ఇంకో ఫోను చూపించాను. చిప్ నంబరు కూడా అంతకుముందు విననిది. వాడు నా మాట విన్నాడు, పాపం.

కొన్నాళ్ళకి సంక్రాంతికి వచ్చినప్పుడు నెమ్మదిగా అన్నాడు: "మావయ్యా, నంబరొక్కటే కొత్తది. లోపల సరుకు పాతదే." వాడు చదువుకున్నవాడు, రెండు చిప్పుల వివరాలు పక్కపక్కన పెట్టి చూపించాడు. అవే కోర్లు, అదే వేగం, అదే గ్రాఫిక్స్.

చిప్పుల లోకంలో ఇది దొంగతనంగా జరిగేది కాదు, బాహాటంగానే జరుగుతుంది. ఉదాహరణకి మీడియాటెక్ డైమెన్సిటీ 700 అని 2020 చివర్లో ప్రకటించిన చిప్‌నీ, 2023లో వచ్చిన డైమెన్సిటీ 6020నీ చూడండి. రెండూ 7 నానోమీటర్లవే, రెండింట్లోనూ రెండు పెద్ద కోర్లు కార్టెక్స్ ఏ76 రకం, 2.2 గిగాహెర్ట్జ్. అలాగే 810కీ 6080కీ పెద్ద తేడా కనిపించదు. కంపెనీ వివరాలేమీ దాచలేదు, చూసుకోవలసినవాళ్ళం మనం. నంబరు పెద్దదైతే వయసు చిన్నదనుకునే నాలాంటివాళ్ళం ఉన్నంత కాలం ఈ నంబర్లకి గిరాకీ ఉంటుంది. ఆ ఏ76 కోరును ఆర్మ్ కంపెనీ బయటపెట్టింది 2018లో.

మేనల్లుడు వదులుకున్న ఫోనులోది నిజంగానే పాత చిప్. కానీ అది వచ్చిన యేడాది అందరికన్నా పైమెట్టు చిప్. నేను కొనిపించింది ఈ యేడాది నంబరున్న కింది మెట్టు చిప్. ఒకటి రెండేళ్ళ పాత పైమెట్టు చిప్ ఈ యేటి కింది మెట్టు చిప్‌ని చాలా విషయాల్లో సులువుగా దాటేస్తుంది. ఇంత చిన్న సంగతి నా బుర్రకి ఎక్కడానికి వాడి డబ్బు ఖర్చయింది.

అప్పుడు కూర్చుని కాస్త చదివాను. మామూలు మోడల్‌కి పాత చిప్ పెట్టారన్న రగడ ఎక్కువగా వినపడేది ఐఫోన్ల విషయంలో. 2022లో ఐఫోన్ 14 ప్రోకి కొత్త ఏ16 చిప్ పెట్టి, మామూలు 14కి అంతకు ముందటి ఏ15నే ఉంచారు. మనదేశంలో ధర 79,900, అంటే అంతకు ముందు యేడాది 13 వచ్చినప్పటి ధరే. జనం గోల చేశారు. వాడుకలో చూస్తే మామూలు మనిషికి ఆ తేడా కనిపించదు. ఏ15 ఇవాళ్టికీ గట్టి చిప్. కాబట్టి గోల అనవసరం అని నేను తేల్చేసేవాణ్నే, మరుసటి యేడాది కథ తెలియకపోతే. 2023లో ఐఫోన్ 15కి ఏ16, 15 ప్రోకి ఏ17 ప్రో ఇచ్చారు. తొమ్మిది నెలలు తిరగకుండా, 2024 జూన్‌లో, యాపిల్ ఇంటెలిజెన్స్ అనే ఏఐ సదుపాయం ప్రకటించి, ఐఫోన్లలో అది ఏ17 ప్రో నుంచి పైవాటికే అన్నారు. 79,900 పోసి 15 కొన్నవాడి ఫోను అప్పటికింకా వారంటీలోనే ఉంది, కొత్త పనులు మాత్రం దానికి లేవు. ఆ యేడాది 16 వచ్చేసరికి మామూలు మోడల్‌కీ ఏ18 తరం చిప్పే పెట్టారు. జనం గోల వల్లో, ఏఐ అవసరం వల్లో, ఏదైతేనేం.

ఇంకా వెనక్కి వెళ్తే తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. 2013లో ఒకే రోజున రెండు ఐఫోన్లు ప్రకటించారు. 5ఎస్, దాన్లో 64 బిట్ల కొత్త ఏ7 చిప్. 5సీ, రంగురంగుల ప్లాస్టిక్ ఒంట్లో నిరుటి ఏ6. మనదేశంలో 5ఎస్ 53,500, 5సీ 41,900. 2017లో ఐఓఎస్ 11 వచ్చి 32 బిట్ల యుగానికి తలుపు మూసేసింది. 5సీ ఐఓఎస్ 10 దగ్గర ఆగిపోయింది. 5ఎస్ ఐఓఎస్ 12 దాకా వెళ్ళింది. దానికి 2023 జనవరిలో కూడా ఒక భద్రతా అప్‌డేట్ వచ్చింది. దాదాపు పన్నెండు వేలు మిగుల్చుకున్నవాడు అయిదేళ్ళ పైన ఆయుష్షు పోగొట్టుకున్నాడు.

దీన్ని 2018తో పోల్చి చూడండి. ఎక్స్ఎస్ 99,900, దానికన్నా చవకైన ఎక్స్ఆర్ 76,900. చవకదానికి తెర నాసి, వెనక కెమెరా ఒక్కటే, కానీ చిప్ మాత్రం అదే ఏ12. 2025లో ఐఓఎస్ 26 వచ్చినప్పుడు రెండింటికీ ఒకేసారి సెలవిచ్చారు. అంటే ఏడేళ్ళు చవకదీ ఖరీదైనదీ సమానంగా బతికాయి. తెర తగ్గించు, కెమెరా తగ్గించు, స్టీలు బదులు అల్యూమినియం పెట్టు; అవన్నీ కొనేరోజున కంటికి కనిపించేవి, కావాలో వద్దో మనం తేల్చుకుంటాం. చిప్ తగ్గిస్తే అది కనిపించదు, చాన్నాళ్ళకి బయటపడుతుంది, అప్పటికి మనం చెయ్యగలిగింది లేదు. నాకు ఈ రెండు జంటల కథ చాలు, వేరే వాదనలక్కర్లేదు.

కంపెనీల వైపు నుంచీ ఒక మాట చెప్పాలి, లేకపోతే అన్యాయం. కొత్త చిప్ అంటే చాలాసార్లు కొత్త తరం తయారీ పద్ధతి. ఐఫోన్ 15 ప్రోలోని ఏ17 ప్రో 3 నానోమీటర్లది. అలాంటి కొత్త పద్ధతిలో తొలిరోజుల్లో వేఫర్ ఖరీదెక్కువ, దాన్లోంచి మంచివిగా తేలే చిప్పులు తక్కువ. రెండు మూడేళ్ళు గడిచేసరికి డిజైన్ ఖర్చు రాబట్టుకుంటారు, తయారీ చేతికి అలవాటవుతుంది, సాఫ్ట్‌వేర్ లొసుగులు తేలి సర్దుకుంటాయి. ఆ చిప్‌ని చవక ఫోనులో పెట్టడం వల్లే ఎనిమిది వేలకి ఫోను దొరుకుతోంది. హీలియో జీ85 అనే చిప్ 2020లో రెడ్‌మి నోట్ 9లో వచ్చింది, 2023 డిసెంబరులో మనదేశంలో విడుదలైన రెడ్‌మి 13సీ 4జీలోనూ అదే ఉంది. అది చెడ్డ చిప్ కాదు. ఫోను మాట్లాడుకోవడానికి, యూపీఐకి, వీడియో చూసుకోవడానికి ఇప్పటికీ సరిపోతుంది. పాత చిప్ వాడొద్దంటే బిలాస్‌పూర్ బజారులో కూరగాయలమ్మే ఆవిడ చేతిలో క్యూఆర్ కోడు ఉండేది కాదు. కాబట్టి చవక ఫోనుకి పాత చిప్ పెట్టకూడదని నేను అనను. అనే రోజులు పోయాయి.

నా తగువు వయసుతో కాదు, గడియారం ఎప్పటి నుంచి తిరుగుతోందన్న దానితో. ఆండ్రాయిడ్ ఫోనుకి కొత్త వెర్షను రావాలంటే ఫోను కంపెనీ ఒక్కటే తలుచుకుంటే చాలదు, చిప్ కంపెనీ ఆ వెర్షనుకి తగిన డ్రైవర్లు ఇవ్వాలి. క్వాల్‌కామ్ 2020 డిసెంబరులో గూగుల్‌తో కలిసి తమ కొత్త చిప్పులకి నాలుగేళ్ళు సాయం చేస్తామంది, 2025లో స్నాప్‌డ్రాగన్ 8 ఎలీట్‌తో మొదలుపెట్టి ఎనిమిదేళ్ళంది. అంతకు ముందు చిప్పుల గతీ, కింది మెట్టు చిప్పుల గతీ వేరు. మూడేళ్ళు గడిచిన చిప్‌ని ఫోనులో పెడితే దాని సాయం చాలావరకు అప్పటికే కరిగిపోయి ఉంటుంది. పిన్నిగారి ఫోనుకి జరిగిందిదే.

పైగా చవక ఫోను కొనేవాడే దాన్ని ఎక్కువకాలం వాడతాడు. జీతగాడు రెండేళ్ళకి మారుస్తాడు. మార్చిన పాతది తమ్ముడికి, తమ్ముడి నుంచి తండ్రికి, చివరికి ఊళ్ళో నాయనమ్మకి. ఎనిమిది వేలది కొన్నవాడికి ఆ గొలుసు ఉండదు. తెర పగిలితే అతికించుకుంటాడు, బ్యాటరీ ఉబ్బితే మార్పించుకుంటాడు, అయిదారేళ్ళు దాన్నే ఈడుస్తాడు. ఎక్కువ ఆయుష్షు కావలసినవాడికి తక్కువ మిగిలిన చిప్ అమ్ముతున్నారు. వాట్సాప్ 2025 జనవరి నుంచి ఆండ్రాయిడ్ 4.4 ఫోన్లని వదిలేసింది, అదే యేడాది మేలో ఐఫోన్ 5ఎస్, 6 లాంటివాటినీ. బ్యాంకు యాప్‌లు అంత ఓపిక కూడా పట్టవు.

పాత చిప్పూ ఎక్కువ ఆయుష్షూ ఒకచోట ఇమడవా అంటే, ఇమిడిన ఫోనుంది. శామ్‌సంగ్ గెలాక్సీ ఏ16 5జీ 2024 అక్టోబరులో మనదేశంలో వచ్చింది. చిప్ డైమెన్సిటీ 6300. పెద్ద కోర్లు ఆ 2018 నాటి ఏ76 రకానివే. కానీ ఆరు ఆండ్రాయిడ్ వెర్షన్లు, ఆరేళ్ళ భద్రతా అప్‌డేట్లు ఇస్తామని ముందే రాసిచ్చారు. గూగుల్ ఇంకో దారి తొక్కింది: పిక్సెల్ 8ఏకి ఆ తరం పెద్ద మోడళ్ళలో ఉన్న టెన్సర్ జీ3నే పెట్టి ఏడేళ్ళ మాటిచ్చింది. రెండు దారులూ నాకు సమ్మతమే. ఏ దారీ తొక్కకుండా బాక్సు మీద "ఆక్టా కోర్" అని పెద్దక్షరాలతో అచ్చేసి ఊరుకోవడం సమ్మతం కాదు.

ఇప్పుడు నన్ను అడిగేవాళ్ళు తగ్గారు, సహజమే. అడిగినవాళ్ళకి చెప్పేది మారింది. పదివేల లోపు ఫోనైతే చిప్ పేరు కన్నా ముందు ర్యామ్ చూడమంటాను. 4 జీబీకి తగ్గితే వద్దు, 6 దొరికితే మంచిది. "వర్చువల్ ర్యామ్" అని కలిపి చెప్పే అంకెని లెక్కలోకి తీసుకోవద్దంటాను, అది స్టోరేజిలోంచి అరువు తెచ్చింది. స్టోరేజి పాత ఈఎంఎంసీనా, వేగమైన యూఎఫ్ఎస్‌నా అని అడగమంటాను. కౌంటర్లో కుర్రాడికి తెలియకపోయినా చాలాసార్లు కంపెనీ పేజీలో ఉంటుంది. చిప్ పేరు తీసుకుని అది ఏ యేడాది వచ్చిందో వెతకమంటాను, నంబరుని నమ్మవద్దు. పాతికవేలు దాటి ఖర్చుపెట్టగలిగినవాళ్ళకి నిరుటి పైమెట్టు ఫోను, అప్‌డేట్లు ఇంకా నాలుగేళ్ళైనా మిగిలి ఉంటే, నిశ్చింతగా తీసుకోమంటాను. మేనల్లుడికి చెప్పాల్సింది అది. ఇప్పుడు చెప్తే నవ్వుతాడు.

పిన్నిగారికి నా డబ్బుతో ఇంకో ఫోను కొనిద్దామనుకున్నాను. ఒప్పుకోలేదు. కొడుకు తన పాతది తెచ్చిచ్చాడు. అప్పట్లో ఖరీదైనదే, తెర మూల చిట్లి ఉంది. ఆ మరుసటి నవంబరులో కళ్ళార్పితే ఒక్కసారికే అయిపోయింది. నేను కొనిచ్చిన ఫోను వాళ్ళింట్లో పాటలు వినడానికి పనికొస్తోంది.

యూరప్‌లో 2025 జూన్ 20 నుంచి ఒక నిబంధన అమల్లోకి వచ్చింది. ఫోను మోడల్‌ని మార్కెట్లో పెట్టడం ఆపేసిన రోజు నుంచి కనీసం అయిదేళ్ళు ఆపరేటింగ్ సిస్టమ్ అప్‌డేట్లు అందుబాటులో ఉంచాలి. లెక్క ఎక్కడ మొదలవుతుందో గమనించండి: చిప్ పుట్టిన రోజు నుంచి కాదు, ఫోను విడుదలైన రోజు నుంచి కూడా కాదు, ఆఖరి ఫోను మార్కెట్లోకి వెళ్ళిన రోజు నుంచి. ఆలస్యంగా కొన్నవాడూ నష్టపోడు. అలాంటి నిబంధన ఉంటే మూడేళ్ళ పాత చిప్ పెట్టే కంపెనీ తన లెక్క తనే చూసుకోవాలి.

మన దగ్గర 2022 డిసెంబరులో రైట్ టు రిపేర్ పోర్టల్ పెట్టారు. మరమ్మతు సూచీ మీద వేసిన కమిటీ 2025 మేలో వినియోగదారుల వ్యవహారాల శాఖకి నివేదిక ఇచ్చింది. సంతోషం. ప్యాకేజ్డ్ కమోడిటీస్ నిబంధనల ప్రకారం బాక్సుకి ఎమ్మార్పీ, తయారైన నెలా సంవత్సరం చెప్పే బాధ్యత ఇప్పటికే ఉంది. వాటి కిందే ఇంకో లైను చేర్పించమని ఆ శాఖని అడుగుతున్నాను: "భద్రతా అప్‌డేట్లు ఫలానా నెల, ఫలానా సంవత్సరం దాకా." వేగన్ మీద మా పెయింటరు బ్రష్షుతో రాసేపాటి అక్షరాలు చాలు.

ఆ లైను అచ్చయ్యేలోపు ఈ పండగకి ఫోను కొనబోయేవాళ్ళు కౌంటర్ దగ్గర నిలబడి ఆ ప్రశ్నే అడగండి. తేదీ చెప్పలేని ఫోను ఎంత మెరిసినా బల్ల మీదే వదిలేసి రండి.